క్లోరిన్ పరమాణువు ఓజోన్‌ని ఎంత వేగంగా తింటుంది? ఫ్లో ట్యూబ్‌లో కొలిచే పద్ధతి

నేల నుంచి సుమారు 25 కిలోమీటర్ల ఎత్తున, ఓజోన్ బాగా దట్టంగా ఉండే చోట, ఒక ఘన సెంటీమీటరులో దాదాపు 5 లక్షల కోట్ల ఓజోన్ అణువులు ఉంటాయి. అక్కడ ఒక క్లోరిన్ పరమాణువు విడుదలైతే, అది ఓజోన్‌తో కలిసి క్లోరిన్ మోనాక్సైడ్ అయిపోవడానికి సెకనులో నలభయ్యో యాభయ్యో వంతు చాలు. ఈ లెక్క తేల్చడానికి ఎవరూ స్టాప్‌వాచ్ పట్టుకుని అంత పైకి వెళ్ళలేదు. హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) కేంద్రం నుంచి ఎగిరే బెలూన్ లాంటివి అక్కడ ఏ వాయువు ఎంత ఉందో చెప్పగలవు. అది ఎంత వేగంగా మారిపోతుందో తెలియాలంటే మాత్రం కింద, ల్యాబ్‌లో, వాయువు ప్రవహించే ఒక గాజు గొట్టంలో, అంటే ఫ్లో ట్యూబ్‌లో, కొలవాల్సిందే.

ఆ కొలత ఎలా చేయాలో ఇక్కడ చెబుతాను. ఎమ్మెస్సీ అయ్యాక కైనెటిక్స్ (చర్యల వేగాన్ని కొలిచే) ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇంట్లో చేసే ప్రయోగం కాదు. ఓజోన్, క్లోరిన్, అతినీలలోహిత కాంతి, మైక్రోవేవ్ నాలుగూ ఒకే బల్ల మీద ఉంటాయి. పక్కన అనుభవం ఉన్న మనిషి లేకుండా మొదలుపెట్టకండి.

ఏ చర్యతో మొదలుపెట్టాలి

క్లోరిన్ + ఓజోన్ → క్లోరిన్ మోనాక్సైడ్ + ఆక్సిజన్. 1974లో మోలినా, రోలండ్ క్లోరోఫ్లోరోకార్బన్ల గురించి హెచ్చరించినప్పుడు అందరి దృష్టీ పడిన చర్య ఇదే. వాళ్ళిద్దరికీ, పాల్ క్రుట్జెన్‌కీ కలిపి 1995లో నోబెల్ వచ్చింది. కొత్తవాళ్ళకి దీన్నే ఎందుకు చెబుతానంటే, జవాబు ముందే తెలుసు. 298 కెల్విన్ (25 డిగ్రీల సెల్సియస్) దగ్గర రేటు స్థిరాంకం, అంటే చర్య వేగాన్ని చెప్పే అంకె, 1.2 × 10⁻¹¹ ఘ.సెం.మీ./అణువు/సెకను. మీ పరికరం ఆ విలువ ఇవ్వకపోతే తప్పు ప్రకృతిది కాదు, మీదే. ఎవరూ కొలవని కొత్త చర్య జోలికి వెళ్ళే ముందు ఈ పరీక్ష పాసవ్వాలి.

నేరుగా కొలవడం ఎందుకు ముఖ్యమో ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు వెళ్తాను. హైడ్రోపెరాక్సిల్ రాడికల్ నైట్రిక్ ఆక్సైడ్‌తో జరిపే చర్య రేటుని చాలాకాలం పరోక్షంగా అంచనా వేసుకుంటూ వచ్చారు. 1977లో హోవర్డ్, ఈవెన్సన్ ఫ్లో ట్యూబ్‌లో నేరుగా కొలిస్తే అది పాత అంచనాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. సూపర్‌సానిక్ విమానాలు ఓజోన్‌ని ఎంత దెబ్బతీస్తాయన్న లెక్కలన్నీ మళ్ళీ మొదటి నుంచి వేసుకోవాల్సి వచ్చింది.

దూరమే గడియారం

పద్ధతి సూత్రం చాలా తేలిక. గొట్టంలో హీలియం స్థిరమైన వేగంతో ప్రవహిస్తూ ఉంటుంది. దాంతోపాటు కొద్దిగా క్లోరిన్ పరమాణువులు కొట్టుకొస్తుంటాయి. గొట్టం మధ్యలోకి దూర్చిన సన్నని గొట్టం, అంటే ఇంజెక్టర్, కొస నుంచి ఓజోన్ వదులుతారు. గొట్టం చివర డిటెక్టర్ ఉంటుంది. ఇంజెక్టర్ కొస డిటెక్టర్‌కి దగ్గరగా ఉంటే రెండూ కలిసి ఉండే సమయం తక్కువ, వెనక్కి లాగితే ఎక్కువ. బస్సు ఒకే వేగంతో పోతుంటే గడియారం అక్కర్లేదు, కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టుకుంటే చాలు. ఇక్కడా అంతే.

ఈ వ్యాసం అంతటా ఒకే కొలతలు వాడతాను: గొట్టం లోపలి వ్యాసం 2.54 సెం.మీ., పీడనం 1.5 టార్ (సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 760 టార్), ప్రవాహం నిమిషానికి 1000 ప్రామాణిక మి.లీ. (అంటే సున్నా డిగ్రీలు, 760 టార్ దగ్గర ఉండే ఘనపరిమాణం). ఈ లెక్కన హీలియం వేగం సెకనుకి 18 మీటర్లు, అంటే గంటకి 65 కిలోమీటర్లు. ఊరు దాటిన ఆర్టీసీ బస్సు వేగం. ఒక సెంటీమీటరు అంటే 0.55 మిల్లీసెకన్లు.

రెండో సూత్రం కూడా తేలికే. క్లోరిన్ కంటే ఓజోన్‌ని కనీసం యాభై రెట్లు ఎక్కువ ఉంచండి. అప్పుడు చర్య జరుగుతున్నా ఓజోన్ గాఢత దాదాపు మారదు, క్లోరిన్ మాత్రం ఘాతీయంగా తగ్గుతుంది. పాఠ్యపుస్తకాల్లో మిథ్యా ప్రథమ క్రమాంక చర్య అని చదువుకున్నది ఇదే. దీనివల్ల ఒక గొప్ప సుఖం ఉంది. క్లోరిన్ అసలు ఎంత ఉందో తెలియక్కర్లేదు, ఎన్నో వంతుకి తగ్గిందో తెలిస్తే చాలు. దాని బరువంతా ఓజోన్ మీద పడుతుంది. ఓజోన్ గాఢతలో 10 శాతం తప్పు చేస్తే రేటు స్థిరాంకంలోనూ దాదాపు అంతే తప్పు వస్తుంది. ల్యాబ్ చూడటానికి వచ్చినవాళ్ళు క్లోరిన్ పరమాణువుల్ని పుట్టించే, ఊదా రంగులో వెలిగే డిశ్చార్జ్ ముందు ఫొటోలు దిగుతారు. ఫలితం మంచిదా కాదా తేల్చేది మూలన ఉన్న, ప్రవాహాన్ని కొలిచే సబ్బు బుడగ గొట్టమూ, ఓజోన్‌ని కొలిచే పాదరసపు దీపమూ.

గొట్టం, పంపు

మీటరు పొడవున్న పైరెక్స్ గొట్టం తీసుకోండి. చుట్టూ రెండో గాజు పొర ఉండాలి. తర్వాత చల్లబరచడానికి ఆ పొరలో ఇథనాల్ తిప్పుతాం. ఇంజెక్టర్‌గా 6 మి.మీ. గాజు గొట్టం సరిపోతుంది. దాని కొసలో ఒక్క రంధ్రం కాకుండా చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు పెట్టించండి, ఓజోన్ త్వరగా కలుస్తుంది.

పైన చెప్పిన వేగానికి పంపు గంటకి 33 ఘనపు మీటర్లు లాగాలి. పైపుల్లో కొంత పోతుంది కాబట్టి 60 ఘనపు మీటర్ల పంపు పెట్టుకోండి. మామూలు పంపు ఆయిల్‌ని క్లోరిన్ పాడు చేస్తుంది, ఫ్లోరినేటెడ్ ఆయిల్ పోయండి. పంపు నుంచి వచ్చే గాలి గదిలోకి రాకూడదు, ఎగ్జాస్ట్ లైనులోకి పోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పంపుని కాపాడుకుందామని దాని ముందు ద్రవ నైట్రోజన్ ట్రాప్ పెట్టాలనిపిస్తుంది. వద్దు. ఓజోన్ మైనస్ 112 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవమవుతుంది, ద్రవ ఓజోన్ కదిలిస్తే పేలుతుంది. మన ప్రయోగంలో గొట్టం గుండా పోయే ఓజోన్ చాలా తక్కువే అనిపించినా, ఎనిమిది గంటలు నడిపితే ఆ ట్రాప్‌లో 0.1 గ్రాము పోగవుతుంది. గాజు పగలడానికి అది చాలు. ట్రాప్ కావాలంటే డ్రై ఐస్‌తో పెట్టుకోండి, ఆ చలికి ఓజోన్ ద్రవం కాదు.

గోడకి పూత

క్లోరిన్ పరమాణువు చర్య జరిగే 50 సెం.మీ. దాటేలోపు గోడని నాలుగైదు వందల సార్లు తాకుతుంది. ఉత్త గాజు అయితే ఆ తాకిడుల్లో చాలా పరమాణువులు అక్కడే అంటుకుని, ఇంకో పరమాణువుతో జతకట్టి మళ్ళీ క్లోరిన్ అణువుగా మారి పోతాయి. ఈ నష్టం సెకనుకి 10 లోపు ఉండాలి.

హాలోకార్బన్ మైనం వాడటం అన్నిటికంటే సులువు. గొట్టాన్ని బాగా కడిగి, ఆరబెట్టి, లోపల మైనపు ముక్కలు వేసి, హీట్ గన్‌తో వేడి చేస్తూ రెండు చేతులతో మెల్లగా తిప్పండి. మైనం పల్చగా, దోసె పెనం మీద నూనెలా, అంతటా పాకాలి. వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే బోడి మచ్చలు కనిపిస్తాయి. ముఖ్యంగా పక్క గొట్టం అతికిన మూలల్లో చూడండి. ఇంజెక్టర్ బయటి వైపుకీ పూత వేయాలి. చాలామంది దీన్ని మర్చిపోతారు.

ప్రవాహం, పీడనం

మాస్ ఫ్లో కంట్రోలర్ తెరమీద చూపించే అంకెని నమ్మకండి. అది చాలాసార్లు నైట్రోజన్‌కి క్రమాంకనం చేసి వస్తుంది. హీలియంకి మీరే చేసుకోవాలి. గీతలున్న గాజు గొట్టంలో సబ్బు బుడగ 500 మి.లీ. ఎక్కడానికి పట్టే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో చూడటమే. పది సార్లు చూసి సగటు తీసుకోండి.

లెక్క దగ్గరే జాగ్రత్త. బుడగ గొట్టంలో హీలియం తడిగా ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 23.8 టార్, దాన్ని గది పీడనం లోంచి తీసేయాలి. గది పీడనం కూడా 760 టార్ అని రాసేయకండి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పీడనం 710 టార్ దరిదాపుల్లోనే ఉంటుంది. ఈ రెండూ సరిగ్గా పెడితే, నిజంగా 1000 ప్రామాణిక మి.లీ. పోతున్నప్పుడు బుడగ 25 సెకన్లలో ఎక్కుతుంది. రెండూ మర్చిపోయి లెక్క వేస్తే అదే 25 సెకన్లకి 1100 అని వస్తుంది. 10 శాతం తప్పు! ఓజోన్ గాఢత లెక్కలో ప్రవాహాల నిష్పత్తి మాత్రమే వస్తుంది కాబట్టి అక్కడ ఈ తప్పు కొట్టుకుపోతుంది. వేగంలో మాత్రం అలాగే మిగిలిపోతుంది, అక్కడి నుంచి నేరుగా మీ జవాబులోకి దిగుతుంది.

పీడనానికి 10 టార్ స్థాయి కెపాసిటెన్స్ మానోమీటర్ వాడండి. రోజూ పొద్దున్నే జీరో చూడండి. 50 సెం.మీ. గొట్టం పొడవునా పీడనం సుమారు 0.07 టార్ పడిపోతుంది. అంటే నాలుగైదు శాతం. అందుకే గేజ్‌ని చర్య జరిగే భాగానికి మధ్యలో కలపాలి, ఏ చివరన పెట్టినా వేగం తప్పు వస్తుంది.

గొట్టం మధ్యలో హీలియం వేగంగా, గోడల దగ్గర నెమ్మదిగా పోతుంది కదా, మరి ఒకే వేగం అని ఎలా అంటాం? మంచి సందేహమే. ఈ తక్కువ పీడనంలో క్లోరిన్ పరమాణువు మిల్లీసెకను లోపే మధ్య నుంచి గోడకీ, గోడ నుంచి మధ్యకీ తిరిగేస్తుంది. అన్ని వేగాలూ చవిచూస్తుంది కాబట్టి సగటు వేగం సరిపోతుంది. పీడనం పది టార్లకి పెంచితే ఈ వెసులుబాటు పోతుంది.

ఓజోన్

ఓజోనైజర్ లోంచి వచ్చే ఆక్సిజన్, ఓజోన్ మిశ్రమాన్ని మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంచిన సిలికా జెల్ మీదుగా పంపండి. డ్రై ఐస్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన తొట్టి చాలు. ఓజోన్ జెల్‌ని పట్టుకుంటుంది, తెల్లటి గింజలు నెమ్మదిగా ముదురు ఊదా రంగుకి తిరుగుతాయి. తర్వాత ఆక్సిజన్‌ని పంపుతో లాగేసి, హీలియంని నెమ్మదిగా ఆ జెల్ గుండా పోనివ్వండి. అది కొంచెం కొంచెంగా ఓజోన్‌ని మోసుకొస్తుంది.

ట్రాప్‌ని ఒక్కసారిగా వేడెక్కనివ్వకండి. దగ్గరలో గ్రీజు, రబ్బరు, ఆల్కహాల్ చుక్క ఏదీ ఓజోన్ లైనులోకి పోయే దారి ఉండకూడదు. ముందు పాలీకార్బొనేట్ అడ్డు, మొహానికి షీల్డ్ తప్పనిసరి. లైను మొత్తం గాజు, టెఫ్లాన్ మాత్రమే.

ఓజోన్ ఎంత వస్తోందో పాదరసపు దీపం 253.7 నానోమీటర్ల కాంతితో కొలుస్తాం. ఆ తరంగదైర్ఘ్యం దగ్గర ఓజోన్ శోషణ అడ్డుకోత (ఒక అణువు కాంతిని ఎంతగా మింగుతుందో చెప్పే కొలత) 1.15 × 10⁻¹⁷ చ.సెం.మీ. 5 సెం.మీ. పొడవున్న సెల్ లోపల 100 టార్ పీడనం, దాని గుండా నిమిషానికి 20 మి.లీ. ప్రవాహం అనుకోండి. గొట్టంలో మనకి కావల్సిన 5 లక్షల కోట్లు రావాలంటే సెల్‌లో 1.67 × 10¹⁶ ఉండాలి. అప్పుడు 38 శాతం కాంతి మాత్రమే అవతలికి వస్తుంది. కొలవడానికి ఇది హాయిగా ఉండే స్థాయి.

దీపం వెలిగించి అరగంట ఆగండి. ఓజోన్ లేనప్పటి కాంతిని ప్రతి రీడింగుకి ముందూ వెనకా చూడండి, పొద్దున ఒకసారి చూసి రోజంతా వాడుకోకండి.

నా 1.4 కథ

నేను మొదటిసారి ఈ చర్య కొలిచినప్పుడు 1.4 × 10⁻¹¹ వచ్చింది. రావాల్సింది 1.2. పంపు మార్చాను, పూత గీకి మళ్ళీ వేశాను, బుడగ గొట్టం ముందు రెండు రోజులు కూర్చున్నాను. అంకె కదల్లేదు. టెన్షన్‌తో పాత గ్రాఫులన్నీ బల్ల మీద పరిచి చూస్తే ఒకటి కనిపించింది. క్షయ రేటుకీ (క్లోరిన్ తగ్గే వేగానికీ) ఓజోన్ గాఢతకీ మధ్య గీత తిన్నగా లేదు, ఓజోన్ పెరిగేకొద్దీ పైకి వంగుతోంది.

ల్యాబ్‌లో ఒక పెద్దాయన వచ్చి, ఏమీ మాట్లాడకుండా, మైక్రోస్కోపు స్లైడ్ ఒకటి తెచ్చి దీపం ముందు పెట్టారు. మామూలు గాజు 253.7 కాంతిని పూర్తిగా ఆపేయాలి, సిగ్నల్ సున్నాకి పడిపోవాలి. పదో వంతు అలాగే మిగిలింది. అంటే నా డిటెక్టర్‌లోకి దీపం ఇతర రంగుల కాంతి కూడా వస్తోంది, దాన్ని ఓజోన్ ముట్టుకోదు. మిగిలిపోయిన ఆ వెలుగువల్ల ఓజోన్ తక్కువగా ఉన్నట్టు అనిపించింది. గొట్టంలో నిజంగా 5 లక్షల కోట్లు ఉంటే నేను 4.2 అని రాసుకుంటున్నాను. 5ని 4.2తో భాగించండి: 1.19. నా 1.4 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయింది.

ఇరుకైన ఫిల్టర్ ఒకటి పెట్టగానే గీత తిన్నగా అయింది, విలువ 1.2కి దిగింది. అప్పటి నుంచి నా డ్రాయర్‌లో ఒక స్లైడ్ ఎప్పుడూ ఉంటుంది. మీరూ మొదటి రోజే ఈ పరీక్ష చేయండి.

క్లోరిన్ పరమాణువులు

హీలియంలో పదివేలలో ఒక వంతు క్లోరిన్ ఉన్న సిలిండర్ తీసుకోండి. అందులోంచి నిమిషానికి 3 మి.లీ. చాలు. దాన్ని ఇంకొంచెం హీలియంతో కలిపి పక్క గొట్టం గుండా 2.45 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ కేవిటీలోకి పంపండి. టెస్లా కాయిల్‌తో చిన్న నిప్పురవ్వ తగిలిస్తే డిశ్చార్జ్ వెలుగుతుంది. గొట్టంలో క్లోరిన్ ఘన సెంటీమీటరుకి రెండు వేల కోట్ల దగ్గర ఉంటుంది, ఓజోన్ దానికి 250 రెట్లు.

డిశ్చార్జ్ జరిగే చోట క్వార్ట్జ్ గొట్టం బదులు అల్యూమినా గొట్టం వాడమంటాను. క్వార్ట్జ్‌ని క్లోరిన్ డిశ్చార్జ్ కొరుకుతుంది, ఆక్సిజన్ పరమాణువులు బయటికి వస్తాయి. అవి మనం తయారుచేసిన క్లోరిన్ మోనాక్సైడ్‌తో కలిసి మళ్ళీ క్లోరిన్‌ని పుట్టిస్తాయి. స్ట్రాటోస్ఫియర్‌లో (ఓజోన్ పొర ఉండే ఎత్తులో) ఓజోన్ కొంప ముంచే చక్రం సరిగ్గా ఇదే, మీ గొట్టంలో మాత్రం అది మీ కొలతని తగ్గించి చూపిస్తుంది.

మైక్రోవేవ్ లీక్ మీటర్‌తో కేవిటీ చుట్టూ ఒకసారి చూడండి. పక్క గొట్టానికి ఒక వంపు ఉండాలి, లేకపోతే డిశ్చార్జ్ వెలుగు నేరుగా డిటెక్టర్‌లోకి పోతుంది.

సిగ్నల్

క్లోరిన్ పరమాణువుని దాని సొంత కాంతితోనే పట్టుకుంటాం. ఇంకో చిన్న మైక్రోవేవ్ దీపంలో క్లోరిన్ లేశమాత్రం వేస్తే అది 134.7 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. ఆ కాంతిని గొట్టంలోని క్లోరిన్ పరమాణువులు మింగి, మళ్ళీ అన్ని దిక్కులకీ వెదజల్లుతాయి. దీపానికి లంబకోణంలో ఉన్న ఫోటోమల్టిప్లయర్ వాటిని ఒక్కొక్క ఫోటాన్‌గా లెక్కపెడుతుంది. ఈ కాంతిని గాలిలోని ఆక్సిజన్ మింగేస్తుంది, కాబట్టి దీపానికీ గొట్టానికీ మధ్య ఖాళీలో నైట్రోజన్ ఆడిస్తూ ఉండాలి. కిటికీలు మెగ్నీషియం ఫ్లోరైడ్‌వి.

బ్యాక్‌గ్రౌండ్ తీయడం ఇక్కడ సగం పని. గోడల మీద పడి చెదిరిన దీపపు కాంతి కూడా లెక్కలోకి వస్తుంది. దాన్ని విడిగా తెలుసుకోవాలంటే ఈథేన్ ఎక్కువగా వదలండి. అది క్లోరిన్‌ని పూర్తిగా తుడిచేస్తుంది, మిగిలిన సిగ్నలే మీ బ్యాక్‌గ్రౌండ్. డిశ్చార్జ్ ఆపి చూడటం కంటే ఇది నమ్మకమైన పద్ధతి.

రీడింగులు

ఇంజెక్టర్‌ని డిటెక్టర్‌కి 10 సెం.మీ. దూరంలో పెట్టండి. ఓజోన్ లేకుండా సిగ్నల్ చూడండి, తర్వాత ఓజోన్‌తో చూడండి. 5 సెం.మీ. వెనక్కి లాగండి. అర నిమిషం ఆగండి. మళ్ళీ రెండూ చూడండి. అలా 50 సెం.మీ. దాకా.

ఓజోన్ లేకుండా ప్రతిచోటా చూడటం విసుగే. అయినా తప్పదు. ఇంజెక్టర్‌ని కదిపినప్పుడు క్లోరిన్ దాటే గోడ విస్తీర్ణం కూడా మారుతుంది. ఓజోన్ బదులు అంతే హీలియం ఇంజెక్టర్ గుండా పంపుతూ చూస్తే ఆ ప్రభావం ఎంతో తెలుస్తుంది.

అంతా సవ్యంగా ఉంటే అంకెలు ఇలా కనిపించాలి. ఓజోన్ 5 లక్షల కోట్లు, మొదటి సిగ్నల్ సెకనుకి 1000 ఫోటాన్లు అనుకుంటే, బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక 10 సెం.మీ. దగ్గర 719, 20 దగ్గర 517, 30 దగ్గర 372, 40 దగ్గర 267, 50 దగ్గర 192. ప్రతి పది సెంటీమీటర్లకీ అదే నిష్పత్తిలో తగ్గుతోంది. సహజ లాగరిథం వేస్తే తిన్నని గీత, వాలు సెంటీమీటరుకి 0.033. దాన్ని సెకనుకి 1818 సెంటీమీటర్ల వేగంతో గుణిస్తే క్షయ రేటు సెకనుకి 60.

కనీసం ఎనిమిది ఓజోన్ గాఢతలకి ఇలా చేయండి, లక్ష కోట్ల నుంచి పది లక్షల కోట్ల వరకు. తక్కువ నుంచి ఎక్కువకి వరసగా వెళ్ళకండి. మధ్యాహ్నానికి పూత కాస్త దెబ్బతింటే అది కూడా ఓజోన్ ప్రభావంలా కనిపిస్తుంది. ముందు 5, తర్వాత 1, తర్వాత 9, ఇలా కలగాపులగంగా చేయండి.

గ్రాఫు, సవరణలు

క్షయ రేట్లని నిలువునా, ఓజోన్ గాఢతని అడ్డంగా వేయండి. వాలే మీకు కావలసిన రేటు స్థిరాంకం. 60ని 5 లక్షల కోట్లతో, అంటే 5 × 10¹²తో, భాగిస్తే 1.2 × 10⁻¹¹. గీత నిలువు అక్షాన్ని సున్నా దగ్గరలో తాకాలి. ఎక్కడో 20 దగ్గర తాకితే గోడ గురించి మళ్ళీ ఆలోచించండి.

ఒక చిన్న సవరణ ఉంది. క్లోరిన్ పరమాణువులు ప్రవాహంతోపాటు పోవడమే కాక ముందుకి వ్యాపిస్తాయి కూడా. క్షయ రేటుని వ్యాపన గుణకంతో గుణించి, వేగం వర్గంతో భాగించండి. 1.5 టార్ దగ్గర వ్యాపన గుణకం సెకనుకి 380 చ.సెం.మీ. అనుకుంటే మన ఉదాహరణలో 0.007 వస్తుంది. అంటే 0.7 శాతం పెంచాలి. ఈ సవరణ 5 శాతం దాటుతోందంటే లెక్కతో సర్దుకోకండి, ప్రవాహం వేగం పెంచండి.

తర్వాత క్లోరిన్‌ని ఐదు రెట్లు పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి కొలవండి. రేటు స్థిరాంకం మారకూడదు. క్లోరిన్ ఎక్కువైనప్పుడు విలువ తగ్గితే గొట్టంలో పక్క చర్యలు నడుస్తున్నట్టే, ముందుగా ఆక్సిజన్ పరమాణువులని అనుమానించండి.

పొరపాటు ఎంతో రాసేటప్పుడు గ్రాఫు వాలులోని 2, 3 శాతం చూసి సంబరపడి అదే రాసేయకండి. అది మీ చేయి ఎంత నిలకడగా ఉందో చెబుతుంది, అంతే. ఓజోన్, ప్రవాహం, పీడనం, ఉష్ణోగ్రతల్లో మీకు తెలియకుండా ఉండగల తప్పులు కలిపితే 8 నుంచి 10 శాతం అవుతుంది. రెండూ విడివిడిగా రాయండి. నాసా తరఫున జేపీఎల్ (జెట్ ప్రొపల్షన్ ల్యాబ్) ప్రచురించే రేట్ల పట్టికలు తయారు చేసేవాళ్ళు మొదట వెతికేది ఆ రెండో అంకెనే.

గోడలంటే అనుమానం పోకపోతే గోడలే లేని పద్ధతి ఉంది. లేజర్ వెలుగు ఒక్క తాకిడితో క్లోరిన్ అణువులని చీల్చి, ఆ వాయువు మధ్యలోనే మైక్రోసెకన్లలో క్షయాన్ని చూడటం. మైసూరులో చదివి అమెరికా వెళ్ళి, బౌల్డర్‌లోని నోవా (NOAA, అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) ప్రయోగశాలలో చాలా ఏళ్ళు పనిచేసిన ఎ.ఆర్. రవిశంకర ఇలాంటి కొలతల్లో పేరు పొందినవారు. రెండు పద్ధతులూ ఒకే విలువ ఇస్తే నిశ్చింతగా నిద్రపోవచ్చు.

చల్లబరచడం

298 కెల్విన్ దగ్గర విలువ కుదిరాకే చలికి దిగండి. స్ట్రాటోస్ఫియర్‌లో ఉష్ణోగ్రత ఎక్కువగా 200 నుంచి 260 కెల్విన్ మధ్య ఉంటుంది. బయటి పొరలో చల్లటి ఇథనాల్ తిప్పుతూ 220 దాకా దిగవచ్చు. లోపలి ఉష్ణోగ్రతని ఇంజెక్టర్ స్థానంలో థర్మోకపుల్ దూర్చి పొడవునా చూడండి. హీలియం చల్లబడకుండానే లోపలికి వస్తుంటే మొదటి పది సెంటీమీటర్లు వెచ్చగా ఉంటాయి.

చల్లబరిస్తే వేగం, గాఢత రెండూ మారతాయి. అదే ప్రవాహం, అదే పీడనం ఉన్నా 220 దగ్గర వేగం సెకనుకి 13.4 మీటర్లకి పడిపోతుంది, ఓజోన్ గాఢత అదే నిష్పత్తిలో పెరుగుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఉష్ణోగ్రత గడి మార్చడం మర్చిపోయి, చలిలో చర్య వేగం పెరిగిందని సంతోషపడేవాళ్ళు ప్రతి ఏడాదీ ఒకరుంటారు.

ఈ చర్య చలికి పెద్దగా లొంగదు. అరీనియస్ గ్రాఫు (ఉష్ణోగ్రతతో రేటు ఎలా మారుతుందో చూపేది) వేస్తే 2.3 × 10⁻¹¹ని exp(−200/ఉష్ణోగ్రత)తో గుణించిన విలువ రావాలి. 220 దగ్గర అది 9.3 × 10⁻¹², గది ఉష్ణోగ్రత విలువ కంటే ఐదో వంతు మాత్రమే తక్కువ. మీకు సగానికి పడిపోయిందంటే పూత మీద మంచులాంటిదేదో పేరుకుందేమో, ఓజోన్ మధ్యలో పోతోందేమో చూసుకోండి.

ఆపేటప్పుడు

ముందు ఓజోన్ ట్రాప్ వాల్వ్ మూయకండి. మూసిన ట్రాప్ వేడెక్కితే ఓజోన్‌కి పోయే దారి ఉండదు. హీలియం పోనిస్తూనే తొట్టిలో డ్రై ఐస్‌ని దానంతట అదే అయిపోనివ్వండి, సెల్‌లో కాంతి మొదటి స్థాయికి తిరిగొచ్చేదాకా అక్కడే ఉండండి. రెండు మూడు గంటలు పడుతుంది, నోట్‌బుక్ రాసుకోవడానికి పనికొస్తుంది. ఆ తర్వాత క్లోరిన్ సిలిండర్ మూయండి, రెండు డిశ్చార్జ్‌లూ ఆపండి. పంపు చివరిది. దాన్ని ఆపే ముందు గొట్టానికీ పంపుకీ మధ్య వాల్వ్ మూసి, పంపులోకి గాలి వదలండి. ఇది మర్చిపోతే పంపు ఆయిల్ రాత్రికి రాత్రి పైపులోంచి వెనక్కి ఎక్కి గొట్టంలో చేరుతుంది, పొద్దున మళ్ళీ మైనం, హీట్ గన్ పట్టుకోవాల్సిందే.